ఉత్ప్రేరకమునకు వార్ధక్యము

రసాయనిక చర్యను త్వరితపరచి, తాను మాత్రము ఖర్చు కాని పదార్థమును ఉత్ప్రేరకమందుము. మరి ఖర్చు కానిదానిని చమురు శుద్ధి కర్మాగారములలో మాటిమాటికి మార్చుట యెందులకు?

బరువైన చమురును విడగొట్టి పెట్రోలు చేయుటకై, పిండివంటి ఉత్ప్రేరకమును చమురు ఆవిరులతో ప్రవహింపజేయు యంత్రాగారము 1942లో అమెరికాలోని బేటన్ రూజ్‌లో తొలుత పనిచేసెను. నేటి పద్ధతియు ప్రధానముగా అదియే. ఇందులో ఉత్ప్రేరకమునకు కలుగు నష్టములను మేము రెండుగా విభజించి చెప్పదలచితిమి: తీరునది, తీరనిది.

చమురు విడిపోవునపుడు రేణువులపై బొగ్గు పేరుకొనును. సెకనులలోనే సూక్ష్మరంధ్రములు పూడి, చురుకు తగ్గును. అంతట రేణువులను వేరొక పాత్రలోనికి పంపి, గాలి తగిలించి, సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఆ బొగ్గును కాల్చుదురు. చురుకు మరల వచ్చును. ఆ వేడిమియే చమురును విడగొట్టుటకును ఉపకరించును. ఇది తీరు నష్టము.

కాని మసిగిన్నెను తోమినకొలది గిన్నెయు అరుగును గదా! బొగ్గులోని హైడ్రోజను కాలి నీటియావిరి యగును. తీవ్రమైన వేడిమిలో ఆ యావిరి, నేటి ఉత్ప్రేరకమునకు ప్రాణమైన జియోలైటు స్ఫటికములను క్రమముగా శిథిలపరచును. చమురులో లేశమాత్రముగా నుండు వెనేడియము ఆ వినాశమును త్వరితపరచును. నికెలు రేణువులపై నిలిచి, అక్కరలేని బొగ్గును, హైడ్రోజనును అధికముగా పుట్టించును. ఈ లోహములు మంటతో తొలగవు.

కావున పాత ఉత్ప్రేరకమును కొంత తీసివేయుచు, క్రొత్తది చేర్చుచుందురు. బ్రతికించు మంటయే మెల్లగా ఆయువు తీయుచున్నదని మనము గ్రహింపవలెను.