ప్రమాద ఘంటిక మోగించే ప్రొటీన్లు

కణాన్ని వేడి నుంచి కాపాడే హీట్ షాక్ ప్రొటీన్లే రోగ నిరోధక వ్యవస్థకు శత్రువు ఆనవాళ్లు అందిస్తాయి. ఆ కిటుకుతో క్యాన్సర్‌కు టీకా తయారుచేయడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు.

ఎలుకలోని కణితి నుంచి ఒక ప్రొటీన్‌ను వేరుచేసి ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత అదే కణితి కణాలు ఎక్కించినా వాటిని తట్టుకునే శక్తి ఆ ఎలుకలకు వచ్చింది. వేరే కణితి కణాలు ఎక్కిస్తే మాత్రం ఆ రక్షణ పనిచేయలేదు. జీపీ96 అనే ఈ ప్రొటీన్ గురించి 1986లో పరిశోధన పత్రం ప్రచురించిన శాస్త్రవేత్తల్లో ప్రమోద్ శ్రీవాస్తవ ఒకరు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఆయన, అమెరికా వెళ్లక ముందు హైదరాబాద్‌లోని సీసీఎంబీలో డాక్టరేట్ చేశారు. ఈ అన్వేషణకు అంకురం పడింది అక్కడే.

అసలు చిక్కుముడి ఆ తర్వాత ఎదురైంది. జీపీ96 క్యాన్సర్ కణాలకే పరిమితమైనది కాదు. ఆరోగ్యవంతమైన కణాల్లోనూ ఉంటుంది. రెండింటిలోనూ దాని నిర్మాణం ఒక్కటే. అలాంటప్పుడు ఒక కణితిపై పనిచేసి మరో కణితిపై ఎందుకు పనిచేయదు?

జవాబు తెలియాలంటే ఈ ప్రొటీన్ల వంశ చరిత్ర కొంత తెలియాలి. 1960ల ఆరంభంలో ఇటలీలోని నేపుల్స్‌లో ఫెరుచియో రితోస్సా పండ్ల ఈగలపై పరిశోధన చేస్తుండగా, సహోద్యోగి ఒకరు ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రతను పొరపాటున పెంచేశారు. వేడి తగిలిన కణాల క్రోమోజోముల్లో కొన్ని చోట్ల కొత్తగా ఉబ్బులు కనిపించాయి. అంటే అక్కడి జన్యువులు మేల్కొన్నాయన్న మాట. ఆ వివరాలు 1962లో వెలువడ్డాయి. ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లు 1974లో బయటపడ్డాయి. వేడి ఒక్కటే కాదు, ఆక్సిజన్ కొరత, విష పదార్థాలు, ఇన్ఫెక్షన్ కూడా వీటి ఉత్పత్తిని పెంచుతాయని క్రమంగా తెలిసింది.

కణం లోపల వీటిది సంరక్షకుల పాత్ర. కొత్తగా తయారైన ప్రొటీన్ సరైన ఆకృతిలో ముడుచుకునేలా చూస్తాయి. దెబ్బతిన్నవాటిని ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడతాయి. ఈ పనిలో కణంలోని ప్రొటీన్ల తునకలు వీటికి అంటుకుని ఉంటాయి. కణితిలో మార్పు చెందిన ప్రొటీన్లు ఉంటే వాటి తునకలూ ఈ మూటలో చేరతాయి.

చిక్కుముడి ఇక్కడే వీడింది. టీకాగా పనిచేసింది ప్రొటీన్ ఒక్కటే కాదు, అది మోసుకొచ్చిన మూట. ఇదే కుటుంబానికి చెందిన హెచ్‌ఎస్‌పీ70 నుంచి ఆ తునకలను తొలగిస్తే దాని రక్షణ శక్తి పోయినట్లు 1993లో తేలింది. ప్రతి కణితి మూట వేరు కాబట్టే ఒకదాని టీకా మరోదానికి పనికిరాదు.

కణం తన ఆయువు తీరి పద్ధతిగా చనిపోతే ఈ మూటలు బయట పడవు. గాయం వల్లో, వైరస్ దాడి వల్లో పగిలిపోతే మాత్రం చిందిపోతాయి. డెండ్రిటిక్ కణాల వంటి కాపలా కణాలు వాటిని సీడీ91 అనే గ్రాహకంతో అందిపుచ్చుకుంటాయని 2000లో శ్రీవాస్తవ బృందం వెల్లడించింది. మూటలోని తునకలను ఈ కాపలా కణాలు టీ-కణాలకు చూపిస్తాయి. ఆనవాలు పట్టిన టీ-కణాలు అవే తునకలున్న కణాలను వెతికి చంపుతాయి.

ఈ కథనంపై సందేహాలూ వచ్చాయి. హెచ్‌ఎస్‌పీ70 ఒంటరిగానే కాపలా కణాలను రెచ్చగొడుతుందని చెప్పిన ప్రయోగాల్లో, ఆ ఘనత నిజానికి నమూనాల్లో కలిసిపోయిన బ్యాక్టీరియా విష పదార్థానిదని 2003లో వెలువడిన పరిశోధనలు చూపాయి. తునకలను మోసే పాత్ర నిలబడింది కానీ, స్వయంగా ఘంటిక మోగించే శక్తి ఎంతన్న దానిపై వాదన సద్దుమణగలేదు.

అసలు పరీక్ష ఆస్పత్రుల్లో ఎదురైంది. శ్రీవాస్తవ సహ వ్యవస్థాపకుడిగా 1994లో మొదలైన యాంటీజెనిక్స్ సంస్థ, రోగి కణితి నుంచే జీపీ96ను తీసి అతనికే ఇచ్చే విటెస్పెన్ టీకాను రూపొందించింది. శస్త్రచికిత్స జరిగిన 818 మంది కిడ్నీ క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. వ్యాధి తిరగబెట్టడంలో టీకా తీసుకున్నవారికీ, తీసుకోనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి మేలు జరిగిందన్న సూచనలతో రష్యా అదే ఏడాది అనుమతినిచ్చింది. అమెరికా ఇవ్వలేదు. కణితి తగినంత పెద్దది కాకపోతే టీకా తయారు కాకపోవడం మరో ఇబ్బంది.

కాపలా కణాలకు ఆనవాళ్లు అందినంత మాత్రాన యుద్ధం గెలిచినట్లు కాదు. టీ-కణాలను నిద్రపుచ్చే ఎత్తుగడలు కణితి దగ్గర చాలానే ఉన్నాయి. వాటిని అడ్డుకునే మందులు 2011 తర్వాతే వరుసగా వచ్చాయి. అలాంటి మందుకు, రోగి కణితి ఆనవాళ్లతో రూపొందించిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను జోడించి 157 మంది మెలనోమా రోగులపై పరీక్షించారు. మందు ఒక్కటే తీసుకున్నవారితో పోలిస్తే వ్యాధి తిరగబెట్టడం లేదా మరణం ముప్పు 44 శాతం తగ్గినట్లు మోడెర్నా, మెర్క్ సంస్థలు 2022 డిసెంబరులో ప్రకటించాయి. ఆ టీకాలో హీట్ షాక్ ప్రొటీన్లు లేవు. కానీ ఎవరి కణితికి వారి టీకాయే ఉండాలన్న పాఠాన్ని జీపీ96 ఎలుకల్లో ఏనాడో నేర్పింది.