గని మోత.. చెవికి చేటు!

మీ ఇంట్లో ఎవరైనా ఓపెన్‌కాస్ట్ గనిలో డంపరో, డోజరో నడుపుతున్నారా? ఈమధ్య టీవీ సౌండ్ బాగా పెంచుతున్నారా? 'వినిపిస్తోంది గానీ ఏమన్నావో అర్థం కాలేదు' అంటున్నారా? వయసు మీద పడుతోందని సరిపెట్టుకోవద్దు. భారీ యంత్రాల మోతతో వచ్చే వినికిడి లోపం చాలావరకు ఇలాగే మొదలవుతుంది. దీన్ని ముందుగా పసిగట్టేది తరచూ ఇంట్లోవాళ్లే.

ఎందుకిలా?
లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సున్నితమైన కణాలుంటాయి. ఏళ్ల తరబడి మోత తగిలితే ఇవి దెబ్బతింటాయి. ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. నొప్పేమీ ఉండదు కాబట్టి నష్టం జరుగుతున్న సంగతే తెలియదు. ముందు కీచు ధ్వనులు వినిపించటం తగ్గుతుంది. దీంతో 'స', 'ష' వంటి అక్షరాలు సరిగా పట్టుబడవు.

మోత ఎక్కువని తెలిసేదెలా?
చేయి చాచినంత దూరంలో ఉన్నవారితోనూ గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే మోత సుమారు 85 డెసిబెల్స్ దాటినట్టే. మన గనుల్లో 8 గంటల షిఫ్టుకు ఇదే హెచ్చరిక స్థాయి. డెసిబెల్స్ 3 పెరిగితే చాలు, శబ్ద శక్తి రెట్టింపవుతుంది. షిఫ్టు అయ్యాక చెవుల్లో గుయ్‌మనటం, దిబ్బడ వేసినట్టుండటం కూడా హెచ్చరికలే.

తగ్గించేదెలా?
* ముందు యంత్రం సంగతి చూడాలి. సైలెన్సర్‌కు చిల్లు పడినా, ఇంజిన్ కవర్ వదులైనా, కూలింగ్ ఫ్యాన్ దెబ్బతిన్నా మోత పెరుగుతుంది. కొత్త శబ్దం వినిపిస్తే వెంటనే మెకానిక్‌కు చెప్పాలి.
* క్యాబిన్ తలుపుల రబ్బరు అరిగితే మార్పించాలి. ఏసీ చెడితే అద్దాలు దించుతారు, మోతంతా లోపలికొస్తుంది. అందుకే ఏసీ మరమ్మతు చెవులకూ రక్షణే.
* ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను శుభ్రమైన వేళ్లతో సన్నగా చుట్టాలి. రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చాలి. ఉబ్బేవరకు పట్టుకోవాలి. మోతలో మధ్యమధ్యలో తీసేస్తే ప్రయోజనం బాగా తగ్గిపోతుంది.

పరీక్ష మరవొద్దు
ఏటా ఆడియోమెట్రీ చేయించాలి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉంటే ఫలితం కచ్చితంగా వస్తుంది. పాత రిపోర్టులు దాచి పోల్చిచూడండి. హఠాత్తుగా ఒక చెవి వినిపించకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు, అదేరోజు ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి. ఏళ్ల తరబడి మోతతో పోయిన వినికిడిని మందులు తిరిగి తేలేవు. ఉన్నదాన్ని కాపాడుకోవటం మన చేతుల్లోనే ఉంది.