చప్పుడు చేయని పగులు

పాడైన బ్యాటరీ డ్రిల్ ఒకటి ఇంట్లో పడుంటే విప్పి, లోపలి గేర్‌బాక్సును క్లాసుకు పట్టుకెళ్లాను. మధ్యలో చిన్న పళ్లచక్రం, దాన్ని ఆనుకుని మూడు చక్రాలు, ఆ మూడింటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న వలయం. సూర్యుడు, గ్రహాలు, ప్రహరీ అని పేర్లు చెప్పి, హెలికాప్టర్ నెత్తిమీది రెక్కలు తిప్పేదీ ఇదే అమరిక అన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచింది. "సార్, వీటిలో ఒక గ్రహం విరిగితే?"

డ్రిల్ అయితే ఆగిపోతుందన్నాను. హెలికాప్టర్ సంగతి చెప్పేలోగా గంట కొట్టారు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఈసీ225 సూపర్ ప్యూమా అనే పెద్ద హెలికాప్టర్‌ను తీసుకుందాం. దాని ఇంజన్ షాఫ్టు నిమిషానికి సుమారు 23,000 చుట్లు తిరుగుతుంది. పైనున్న రెక్కలు మాత్రం సుమారు 265 చుట్లే తిరుగుతాయి. ఒక రెక్క కొస నుంచి ఎదుటి రెక్క కొసకు 16 మీటర్ల పైచిలుకు దూరం. ఆ కాస్త వేగానికే కొసలు సెకనుకు 225 మీటర్లు పోతుంటాయి. ఇంకా తిప్పితే ధ్వని వేగానికి దగ్గరపడి, గాలిని కోయాల్సిన రెక్క గాలితో కుస్తీ పడుతుంది. అందుకే వేగాన్ని ఎనభై ఏడో వంతుకు దించాలి, బలాన్ని అన్ని రెట్లు పెంచాలి. ఆ పనిలో చివరి రెండు మెట్లూ సూర్యుడూ గ్రహాలే.

లెక్క ఎంత తేలికో చూడండి. సూర్యుడికి 12 పళ్లు, కదలని ప్రహరీకి 48 పళ్లు అనుకుందాం. రెండూ కలిపితే 60, దాన్ని 12తో భాగిస్తే 5. సూర్యుడు అయిదు చుట్లు తిరిగితే గ్రహాలను మోసే పళ్లెం ఒక్క చుట్టు తిరుగుతుంది. గ్రహానికి ఎన్ని పళ్లన్నది ఈ లెక్కలోకే రాదు! ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు నమ్మరు, పళ్లు లెక్కపెట్టి మరీ చూస్తారు. సూపర్ ప్యూమా రెండో మెట్టులో ఎనిమిది గ్రహాలున్నాయి. పల్లకీని ఎనిమిదిమంది బోయీలు పంచుకున్నట్టు బరువంతా వాటి మీద పంచుకుపోతుంది. అందుకే ఇంత చిన్న పెట్టె అంత పెద్ద యంత్రాన్ని గాల్లో నిలబెడుతుంది.

నన్ను కట్టిపడేసే తెలివి ఇంకొకటుంది. మామూలుగా చక్రం వేరు, అందులో కూర్చునే బేరింగు వేరు. ఇక్కడ బరువు తగ్గించడానికి రెంటినీ ఒకటి చేశారు. ఉక్కు కడియం బయట పళ్లు, లోపలి అంచు మీద రోలర్లు దొర్లే దారి. ఆ కడియమే చక్రం, బేరింగు బయటి భాగమూ అదే. కానీ దాని మీద పడే ఒత్తిడి చూడండి. ప్రతి పన్నునూ సూర్యుడు ఒకవైపు నుంచి నొక్కితే ప్రహరీ రెండోవైపు నుంచి నొక్కుతుంది. కట్టుడు తీగను అటూ ఇటూ వంచి తెంచుతామే, ఆ వంపే కంటికి కనిపించనంత చిన్నగా కోట్లసార్లు జరుగుతుంది. లోహం అలసిపోవడమంటే ఇదే.

దీనికి కాపలా అయస్కాంతం. బేరింగు అరిగితే దారి పైపొర పెచ్చులుగా లేస్తుంది, ఉక్కు రజను నూనెలో కలుస్తుంది. నూనె దారిలో పెట్టిన అయస్కాంతపు బిరడాకు ఆ రజను అంటుకుంటే పైలట్ ముందు దీపం వెలుగుతుంది. ఎంత చక్కటి ఆలోచన! యంత్రమే తన జబ్బు తాను చెప్పుకుంటుంది. కాకపోతే పగులు రజను రాల్చాలి.

2009 ఏప్రిల్ 1న స్కాట్లండ్ తీరం దగ్గర ఇదే కుటుంబానికి చెందిన హెలికాప్టర్ కూలి 16 మంది పోయారు. రెండో మెట్టు గ్రహం ఒకటి విరిగింది. అంతకు వారం ముందే, మార్చి 25న, బిరడాకు ఒక ముక్క దొరికింది. అది గ్రహచక్రం చెడుతున్న గుర్తని ఎవరూ పోల్చుకోలేదు. తర్వాత 36 గంటల ఎగురుడులో మరో హెచ్చరిక రాలేదు. గేర్‌బాక్సులోనే ఉన్న మరో అయస్కాంతాల వరుస రజనును ముందే పట్టేసి, బిరడా దాకా చేరే అవకాశాన్ని తగ్గించిందని దర్యాప్తులో తేలింది. రక్షణ కోసం పెట్టినదే హెచ్చరికకు అడ్డుపడింది. దాన్ని తీసేశారు. పగులు ఎక్కడ మొదలైందో చెప్పే ముక్క మాత్రం దొరకలేదు.

2016 ఏప్రిల్ 29. నార్వేలో గుల్‌ఫాక్స్ బి చమురు వేదిక నుంచి బెర్గెన్‌కు ఈసీ225 ఒకటి వస్తోంది. తూరోయ్ ద్వీపం దగ్గర రెక్కలు మొత్తంగా ఊడిపోయాయి. పైలట్లు చేయగలిగింది ఏమీ లేదు. 11 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, అందరూ పోయారు. రెక్కలు విడిగా తిరుగుతూ గాల్లో పోతున్న దృశ్యాన్ని నేను ఒక్కసారే చూశాను.

ఈసారి సముద్రపు అడుగున గాలిస్తే ముక్కలు దొరికాయి. మళ్లీ రెండో మెట్టు గ్రహమే. రోలర్ల దారి మీద సూదిమొనంత గుంట పడింది. అక్కడ పుట్టిన పగులు పైపొరను పెచ్చులుగా లేపకుండా లోపలికి దిగి, పళ్ల వైపు పాకింది. రాలింది అతికొద్ది రజను. బిరడా దీపం వెలగలేదు, కంపనాలను కొలిచే పరికరమూ పట్టలేదు. లోపల కడియం తెగింది.

ఆ గేర్‌బాక్సుకు వెనకటి కథ ఒకటుంది. 2015లో ఆస్ట్రేలియాలో రోడ్డు మీద తరలిస్తుండగా ప్రమాదానికి గురైంది. తయారీదారు పరీక్షించి, బాగుచేసి, మళ్లీ వాడకానికి ఇచ్చాడు. ఆ కుదుపుకూ ఈ పగులుకూ సంబంధం ఉందనడానికి భౌతికమైన ఆధారం దొరకలేదని 2018 దర్యాప్తు నివేదిక చెప్పింది. అయినా ఆ ఘట్టం చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. పరీక్షలో ఏమీ కనిపించలేదు అన్న మాటకు విలువ, ఆ పరీక్ష ఏం చూడగలదో తెలిసినప్పుడే కదా.

ఉత్తర సముద్రపు కార్మికులు పట్టుకున్నదీ సరిగ్గా దీన్నే. వాళ్లకు హెలికాప్టర్ అంటే డ్యూటీకి పోయే బస్సు. ఏ రకం ఎక్కాలో ఎంచుకునే వీలుండదు. 2009 తర్వాత సరిచేశామంటే నమ్మి ఎక్కారు, ఏడేళ్లకు అదే చక్రం విరిగింది. ఈ రకం వద్దని వేలమంది సంతకాలు పెట్టారు. ప్రమాదం తర్వాత పెట్టిన నిషేధాన్ని బ్రిటన్, నార్వే అధికారులు 2017 జులైలో ఎత్తేసినా వాళ్లు ఒప్పుకోలేదు. చమురు కంపెనీలూ ఆ రకాన్ని వెనక్కి తేలేదు. భయంతో మొండికేశారని కొందరన్నారు. నా లెక్కలో వాళ్లది ఇంజనీర్లు అడగాల్సిన ప్రశ్నే: ఈసారి పగులు చప్పుడు చేయకపోతే మీకెలా తెలుస్తుంది?

జవాబుగా కొన్ని మార్పులు వచ్చాయి. గ్రహచక్రాలు రెండు తయారీదార్ల నుంచి వచ్చేవి, వాటిలో రోలర్ల దారి మీద ఎక్కువ ఒత్తిడి పడే రకాన్ని తీసేశారు. మిగిలిన చక్రాల ఆయువు తగ్గించారు. ఇంకా చిన్న రజనుకే అనుమానించమని, ఇంకా తరచుగా బిరడా విప్పి చూడమని చెప్పారు. సూపర్ ప్యూమాలు ఇప్పుడు మంటలార్పుతూ, బరువులు మోస్తూ, సైన్యాల్లో పనిచేస్తూ ఎగురుతున్నాయి. తీయకుండా ఉంచిన ఆ రెండో రకం గ్రహచక్రంలో కూడా బయటి పళ్లు, లోపలి రోలర్ల దారి ఒకే ఉక్కు కడియం.