రేవులు చెప్పు కథ

కృష్ణాజిల్లాలోని పామిడిముక్కలలో నిలిచి నలుదిక్కులు చూచినచో వరిపొలములు, కాలువలు కానవచ్చును. సముద్రపు జాడయే ఉండదు. కాని అచ్చటినుండి ఒక దినము ప్రయాణము చేసినచో సుమారు రెండువేల యేండ్ల ఓడల చరిత్రమును చూడవచ్చును.

మొదట ఘంటసాలకు పోవుదము. ఇచ్చట ప్రాచీన బౌద్ధస్తూపపు శిథిలములు కలవు. శాసనములలో దీని పేరు కంటకసేల. క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలెమీ యను భూగోళశాస్త్రజ్ఞుడు 'కొంటకొస్సిల' యను వర్తకస్థానమును పేర్కొనెను. అది ఈ యూరేయని పండితుల యభిప్రాయము. నేడిచ్చట అలల చప్పుడైనను వినరాదు. మరి సముద్రమెట్లు దూరమయ్యెను?

సమాధానము హంసలదీవిలో దొరకును. పులిగడ్డ వారధి దాటి, అవనిగడ్డ, కోడూరు గడచిన పిమ్మట కృష్ణానది సాగరమున కలియు చోటు వచ్చును. సహ్యాద్రిపై పుట్టిన నది దారిపొడవునను మట్టిని మోసికొని వచ్చును. ఇచ్చట నీటివేగము తగ్గుటచే ఆ ఒండ్రు అడుగునకు దిగి, ఏటేట పేరుకొని నేలయగును. మనము దాటివచ్చిన పొలములన్నియు ఇట్లు పుట్టినవే. తీరమున పెరిగిన మడ అడవులు అలల తాకిడిని కొంత తగ్గించును. అయినను 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని బలిగొనెను.

వెనుకకు మరలి బందరు చేరుదము. మచిలీపట్టణమనునదియు ఇదియే. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. 1652లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియరు, బంగాళాఖాతమున ఓడలు లంగరు వేయుటకు ఇంతకంటె మంచి చోటు లేదని వ్రాసెను. పెగూ, సయాము, మక్కా, హోర్ముజులకు ఇచ్చటినుండి ఓడలు బయలుదేరెడివి. కాలక్రమమున ఒండ్రు రేవును పూడ్చెను. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరముననే నిలువవలసి వచ్చెను.

డచ్చివారి శ్మశానములో చెక్కడపు సమాధులు నేటికిని కలవు. వానిపై మృతుల పేర్లు చదువవచ్చును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో ఈ ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది పేర్లు ఏ రాతిమీదను లేవు.

తుదకు మంగినపూడి తీరమునకు పోవుదము. అచ్చటి ఇసుక నల్లనిది. కాళ్ళకు బురద యంటును. అది కృష్ణమ్మ తెచ్చిన మన్నే. బందరు తీరమున 2023లో నూతన రేవు పనులు ఆరంభమైనవి. ఒండ్రును తొలగించుచు, మడ అడవులను కాపాడుకొనినపుడే ఆ రేవు నిలుచును. ఘంటసాల, బందరు మనకు నేర్పు పాఠమిదియే.