బుర్జ్ ఖలీఫా నేర్పే ఇంగ్లిష్

2021 అక్టోబరు 23 రాత్రి దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా మీద బతుకమ్మ వెలిగింది. 828 మీటర్ల ఎత్తున్న కట్టడం మీద మన పూల పండగ! తెలుగు పత్రికలతో పాటు ఇంగ్లిష్ పత్రికలూ ఆ వార్త వేశాయి. ఇలాంటి వార్తల్లో 'ఇల్యూమినేట్', 'ప్రొజెక్ట్', 'ఫసాడ్' అనే మాటలు తరచూ కనిపిస్తాయి. దీపాలతో వెలిగించడం, బొమ్మను తెరమీదికి పంపడం, భవనం ముందు భాగం... ఇవీ అర్థాలు. చివరి మాటను స్పెల్లింగ్ చూసి 'ఫకేడ్' అని చదివేరు సుమా!

నిజామాబాద్ జిల్లాలో ఏర్గట్ల, మోర్తాడ్, కమ్మర్‌పల్లి వైపు గల్ఫ్ బాట పట్టిన కుటుంబాలకు ఈ భవనం పరాయిది కాదు. నాన్న పంపిన ఫొటోలో వెనకాల నిలబడేది అదేగా! పదోతరగతి పిల్లాడికి యాభై ఇంగ్లిష్ మాటలిచ్చి బట్టీ పట్టమంటే వారంలో మరిచిపోతాడు. కళ్లముందు ఓ కట్టడం ఉంటే ఒక్కో మాటా దానికో చోట అతుక్కుంటుంది.

'స్కైస్క్రేపర్' చూడండి. స్కై అంటే ఆకాశం, స్క్రేప్ అంటే గీకడం. భవనాలకంటే ముందు ఓడ మీద అన్నిటికన్నా పైన కట్టే చిన్న తెరచాపకు ఈ పేరుండేది. 'స్టోరీ' అంటే అంతస్తు. కథకూ ఇదే పలుకు. బ్రిటిష్ పద్ధతిలో రాస్తే అంతస్తుకు 'వై' ముందు ఒక 'ఇ' అదనం. బుర్జ్ ఖలీఫాకు అవి 160కి పైనే. కింద పునాదిలో 192 'పైల్స్' ఉన్నాయి... అంటే భూమిలోకి దింపిన కాంక్రీటు స్తంభాలు. కల్లంలో పోసిన పసుపు కుప్పనూ ఇంగ్లిష్‌లో 'పైల్' అనే అంటారు. చిటారున ఉన్న మొన 'స్పైర్'. గోడలకు బయట తొడిగేది 'క్లాడింగ్'. 2015 డిసెంబరు 31 రాత్రి బుర్జ్ ఖలీఫాకు దగ్గర్లోని అడ్రస్ డౌన్‌టౌన్ హోటల్ తగలబడినప్పుడు ఈ మాట పత్రికల్లో మార్మోగింది.

ఇక్కడే ఓ తమాషా ఉంది. పేపర్లో పిల్లలు కష్టపడి చదివే మాటల్లో సగం నాన్నకు నోటికి వచ్చినవే. ఊళ్లో సెంట్రింగ్ పని అక్కడ 'షట్టరింగ్', పరంజా 'స్కాఫోల్డింగ్', తాపీ మేస్త్రి 'మేసన్', ఇనుప సలాకలు కట్టేవాడు 'స్టీల్ ఫిక్సర్'. సెలవు రోజున ఫోన్ వస్తే పేపర్లో మాట అడగండి. అర్థం ఆయన చెబుతారు, స్పెల్లింగ్ మీరు చెప్పండి.

శీర్షికలకు వేరే వ్యాకరణం ఉంటుంది. 'టవర్ ఓపెన్స్' అంటే తెరుచుకుందని. 'టవర్ టు ఓపెన్' అంటే తెరుచుకోబోతోందని. 2004లో పని మొదలైనప్పటి నుంచీ దీని పేరు బుర్జ్ దుబాయ్. 2010 జనవరి 4న ప్రారంభోత్సవంలోనే బుర్జ్ ఖలీఫాగా మార్చారు. అంతకు ముందు నెలలోనే అప్పుల్లో ఉన్న దుబాయ్‌కి అబుదాబీ వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. అప్పట్లో పత్రికలనిండా 'బెయిలౌట్' అన్న మాటే. బెయిల్ అంటే జామీను అని మనకు తెలుసు. దీనికి మాత్రం దివాలా తీయకుండా గట్టెక్కించడమని అర్థం.

ఇవన్నీ మెరుపు వార్తలు. 2006 మార్చిలో ఇదే కట్టడం దగ్గర సుమారు 2,500 మంది కూలీలు తిరగబడ్డారు. జీతాలు తక్కువ, ఆపైన పని ముగిశాక క్యాంపుకి చేర్చే బస్సులు ఆలస్యం. అలాంటి వార్తల్లో 'స్టేజ్ ఎ ప్రొటెస్ట్' అని ఉంటే నాటకమాడారని కాదు, నిరసనకు దిగారని. 'వేజెస్ విత్‌హెల్డ్' అంటే జీతం ఇవ్వకుండా ఆపేశారని. 'అరియర్స్' అంటే పాత బాకీలు. అదే ఏడాది నవంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ దుబాయ్ నిర్మాణ కూలీల మీద ఓ నివేదిక ఇచ్చింది. దాని పేరు 'బిల్డింగ్ టవర్స్, చీటింగ్ వర్కర్స్'. మేడలు కడుతూ, కూలీలను ముంచుతూ... 'ఇంగ్' ప్రయోగానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకదేమో!

మా లెక్కలో గల్ఫ్ ఊళ్లకు అక్కరకొచ్చే పదకోశం ఇదే. 'విజిట్' వీసా అంటే చూసి రావడానికి, 'ఎంప్లాయ్‌మెంట్' వీసా అంటే పని చేయడానికి. మొదటిది చేతిలో పెట్టి రెండోదని నమ్మించే ఏజెంట్లున్నారు. గడువు దాటి ఉండిపోతే 'ఓవర్‌స్టే'. ఊరి భాషలో ఖల్లివల్లి. అలాంటివాళ్లకు యూఏఈ ప్రభుత్వం 2018లోనూ, 2024లోనూ ఇచ్చిన క్షమాభిక్ష పేరు 'ఆమ్నెస్టీ'.

అన్నిటికంటే మాయదారి మాట 'ఫ్రీ వీసా'. ఫ్రీ అంటే ఉచితం, లేదా స్వేచ్ఛ. ఈ వీసా ఆ రెండూ కాదు. ఎవరో కాగితం మీద యజమానిగా ఉంటాడు, డబ్బు కట్టేది మనం, పని వెతుక్కునేదీ మనమే. చట్టంలో ఇలాంటి వీసా అంటూ ఏదీ లేదు. ఏజెంటు ఇచ్చిన ఒప్పంద పత్రం ఇంట్లో ఉంటే ఈ ఆదివారం పిల్లలతో చదివించండి. 'బేసిక్' ఎదురుగా ఎంత రాశారు, 'డిడక్షన్' కింద ఏమేం కోస్తారు, 'అకామడేషన్' ఖర్చు ఎవరిది... మూడు చోట్లా పెన్సిల్‌తో గీత గీయమనండి.