కెర్నెలునందు చిన్న మాడ్యూలును చేర్చు విధము

మన యిండ్లలోని చేతిఫోనులలో ననేకము ఆండ్రాయిడ్ అను వ్యవస్థచే నడచుచున్నవి. దాని యడుగున నున్నది లైనక్సు కెర్నెలు. హెల్సింకీ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్సు దీనిని 1991వ సంవత్సరమున మొదలిడెను; ఆండ్రాయిడ్ గల మొదటి ఫోను 2008లో విక్రయమునకు వచ్చెను. తెర, కెమెరా మొదలగు యంత్రభాగములపై నేరుగా నధికారము కలది కెర్నెలు. ఆప్‌లు దాని నడిగి పని చేయించుకొనవలసినవే.

నడచుచున్న కెర్నెలునకు క్రొత్త పని నేర్పుటకు దాని నంతయు మరల నిర్మింప నక్కఱలేదు. మాడ్యూలు అను చిన్న భాగమును సీ భాషలో వ్రాసి జతపఱుపవచ్చును. మేము చెప్పఁబోవు మాడ్యూలు ఒక్క నమస్కార వాక్యమును మాత్రమే పలుకును. అందు రెండు ఫంక్షనులుండును: చేర్చునపుడు నడచునది యొకటి, తొలఁగించునపుడు నడచునది వేఱొకటి. వీనిని మాడ్యూల్ ఇనిట్, మాడ్యూల్ ఎగ్జిట్ అను మాటలతో కెర్నెలునకుఁ దెలుపవలెను. సామాన్యముగ వాడు ప్రింట్‌ఎఫ్ ఇచటఁ బనికిరాదు. ప్రింట్‌కే అనుదానిని వాడవలెను. అది వ్రాసిన వాక్యము తెరపై గాక కెర్నెలు చిట్టాలోఁ జేరును. లైసెన్సు జీపీఎల్ అని వ్రాయుట మేలు. అందుకుఁ బొసఁగనిది వ్రాసినచో కొన్ని ఫంక్షనులను కెర్నెలు వాడుకొననీయదు.

దీనిని కంప్యూటరుపైఁ గంపైలు చేయుదురు. ఫోను ప్రాసెసరు సాధారణముగ ఆర్మ్ జాతిది గనుక దానికిఁ దగిన కంపైలరు కావలెను. అంతకంటెఁ గష్టమైన నియమ మొకటి కలదు. ఆ ఫోనులోని కెర్నెలు ఏ మూలపాఠమునుండి, ఏ యమరికలతో నిర్మింపఁబడెనో దానికి సరిపోవునది మన చేత నుండవలెను. పొసఁగనిచో కెర్నెలు మాడ్యూలును తిరస్కరించును. తొలిసారి యత్నించువారి శ్రమలోఁ బెద్దపాలు ఇచటనే వ్యయమగునని మా యభిప్రాయము. ఒక్కొక్క సంస్థ కెర్నెలును తన యిచ్చ వచ్చినట్లు మార్చుటచేఁ గలిగిన యీ చిక్కును తగ్గించుటకే గూగుల్ వారు ఆండ్రాయిడ్ 12, కెర్నెలు 5.10 మొదలుకొని యుమ్మడి కెర్నెలును ప్రవేశపెట్టిరి.

సిద్ధమైన మాడ్యూలును ఏడీబీ అను సాధనముతో ఫోనులోనికిఁ బంపి, రూట్ అధికారముతో ఇన్స్‌మాడ్ అను నాజ్ఞ నియ్యవలెను. పిదప డీమెసెజ్ అనినచో చిట్టా కనఁబడును. అందు మన వాక్యమున్నచో పని నెఱవేఱినట్లే. ఆర్ఎంమాడ్ అనినచో మాడ్యూలు తొలఁగిపోవును.

ఆప్ చెడినచో అదొక్కటే మూసికొనిపోవును. మాడ్యూలు చెడినచో ఫోనంతయు ఆగిపోయి మరల మొదటినుండి లేవవలసివచ్చును. ఏలయన కెర్నెలునకును దానికిని నడుమ గోడ లేదు. ఇంకను, రూట్ అధికారము పొందుటకై సాధారణముగ బూట్‌లోడరు తాళమును తీయవలెను. తీసినప్పుడు ఫోనులోని ఛాయాచిత్రములు, వ్రాఁతలు సమస్తమును తుడిచివేయఁబడును. కావున బాలబాలికలు తండ్రిగారి ఫోనును దీనికై ముట్టరాదు. కంప్యూటరులో నడచు కల్పిత ఫోనైన కటిల్‌ఫిష్‌ను గూగుల్ వారు ఉచితముగ నిచ్చుచున్నారు. అది పడిపోయినను ఎవరి సొత్తును నశింపదు. అయితే దానికి లైనక్సు గల కంప్యూటరు కావలెను. అందలి ప్రాసెసరు తఱచుగా కంప్యూటరు జాతిదే యగుటచే, కంపైలరును దానికిఁ దగినట్లు మార్చుకొనవలెను.