హైదరాబాదు నుంచి జెద్దాకు ఎంత దూరం?

హజ్‌కు, ఉమ్రాకు బయలుదేరే సోదరులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌల్వీ సాబ్, ఉదయం పదింటికి విమానం ఎక్కితే మధ్యాహ్నం మూడున్నర గంటల్లోనే జెద్దాలో దించుతారట, నిజమేనా?" టికెట్టుపై అలాగే కనిపిస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది.

హైదరాబాదు నుంచి జెద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. టికెట్టుపై బయలుదేరే వేళ మన గడియారం ప్రకారం, దిగే వేళ అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. సౌదీ అరేబియా సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అందుకే పదింటికి బయలుదేరిన విమానం అక్కడ ఒంటిగంటన్నరకు దిగుతుంది. తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారవుతుంది. పైగా ఎత్తులో పడమటి నుంచి వీచే గాలులు తోడవుతాయి కనుక, ముఖ్యంగా చలికాలంలో, వచ్చేటప్పుడు కాస్త త్వరగా చేరతాం.

మన పెద్దల ప్రయాణం ఇలా ఉండేది కాదు. రైల్లో బొంబాయి చేరి, ఓడెక్కి, సముద్రంపై వారానికి పైగా గడిపేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణాలు ఆగిపోయాయి. ఓడలో వెళ్లేవారికి మీఖాత్ సమీపించేసరికి గుసుల్ చేసి, ఇహ్రాం ధరించి, రెండు రకాతులు చదువుకునే తీరిక ఉండేది.

విమానంలో ఆ తీరిక లేదు. అసలు జాగ్రత్త ఇక్కడే. విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో, అంటే నిమిషానికి 15 కిలోమీటర్లు పోతుంది. పది నిమిషాలు కునుకు తీస్తే 150 కిలోమీటర్లు దాటిపోతాం. మీఖాత్ రేఖ జెద్దాకు ముందే వస్తుంది. ఇహ్రాం లేకుండా దాన్ని దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్లి ఇహ్రాం కట్టుకోవాలి, లేదా దమ్ ఇవ్వాలి. కనుక ఇహ్రాం వస్త్రాలు ఇంట్లోనో విమానాశ్రయంలోనో ధరించండి. మీఖాత్ సమీపిస్తోందని విమానంలో ప్రకటించగానే నియ్యత్ చేసి తల్బియా పలకండి. నిద్ర పడుతుందన్న భయముంటే ముందే నియ్యత్ చేసుకోవడం మేలు. వస్త్రాలను సామాను పెట్టెలో పెట్టి అప్పగించడం మాత్రం చేయకండి.

రమజానులో ఉమ్రాకు వెళ్లేవారికి మరో మాట. హైదరాబాదులో సహరీ చేసి పడమటికి పోయేవారి రోజా రెండున్నర గంటల దాకా పొడవవుతుంది. వచ్చేటప్పుడు అంతే తగ్గుతుంది. ఇఫ్తార్‌కు చేతి గడియారం ప్రమాణం కాదు, సూర్యాస్తమయమే ప్రమాణం. కింద నేలపై చీకటి పడినా ఎత్తులో ఉన్న మనకు సూర్యుడు మరికొన్ని నిమిషాలు కనిపిస్తాడు. కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తున్నంతసేపు రోజా విరమించరాదు. కష్టమనిపిస్తే ప్రయాణికునికి రోజా వాయిదా వేసుకునే సౌలభ్యం బఖరా సూరా 184, 185 ఆయతులలోనే ఉంది. వృద్ధులు, మధుమేహం ఉన్నవారు ఆ సౌలభ్యాన్ని వాడుకోవడానికి సంకోచించనక్కరలేదు.

ఇంట్లో పెద్దలను పంపే పిల్లలకు మా మనవి: టికెట్టు చేతికి ఇచ్చి ఊరుకోకండి. ఎన్ని గంటల ప్రయాణమో, ఏ నమాజు ఎక్కడ వస్తుందో, మీఖాత్ సుమారు ఎప్పుడు వస్తుందో కాగితంపై పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఆరు గంటల ప్రయాణానికి ఆ చిన్న కాగితమే పెద్ద తోడు.